రామాంజులు తెచ్చిన పచ్చటి ఆకాశం

"బావా, మనదీ మేనరికమే కదా. తన్మయికి కూడా అట్లా అయితే?"

ఒక శుక్రవారం పొద్దున, దోసెపిండిలో ఉప్పు కలుపుతూ మా ఆయనతో నేనన్న మాట ఇది. మా పాప తన్మయికి అప్పుడు నాలుగేళ్లు. ముందురోజు సాయంత్రం హాల్లో లైటు ఆపితే సోఫా కాలికి తట్టుకుని పడింది. బావ నవ్వి, లైటు ఆపితే తనూ పడతానని, కావాలంటే తననీ కంటి డాక్టరుకు చూపించమని అన్నాడు. నాకు నవ్వు రాలేదు. "అట్లా" అంటే ఎట్లాగో నాకు తెలుసు. రామాంజులన్న కూతురికి అయింది కాబట్టి తెలుసు.

రామాంజులన్నది రాయచోటి అవతల, సుండుపల్లెకు దగ్గరి పల్లె. దోహాలో పద్నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి మనవరాలికి ఫిజిక్సు చెప్పడానికి, నా ఆఫీసుకు సెలవైన శుక్ర, శనివారాలు నేను వెళ్ళేదాన్ని. ఐన్ ఖాలిద్‌లో మా ఇంటి కింద నన్ను ఎక్కించుకుని, పాఠం అయ్యాక మళ్ళీ దింపేది ఆయనే. మొదటి నెలంతా "మేడం" అన్నాడు. నాది మదనపల్లె అని తెలిసిన రోజు అద్దంలో నుంచి నన్ను చూసి, "టమాటాలోళ్ళా మీరు? మేం మామిడికాయలోళ్ళం" అన్నాడు. అప్పటి నుంచి టీచరమ్మనయ్యాను.

నలభై రెండేళ్ల మనిషి. ఎంత ఎండలోనైనా ఫుల్ చేతుల చొక్కా, మడత నలగకుండా. చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడ్డాడట, కుడికాలు కొంచెం ఈడ్చి నడుస్తాడు. కారులో ఉన్నంతసేపూ తెలియదు, దిగి తలుపు తీయడానికి వస్తుంటే తెలుస్తుంది.

ఆ ఇంటి పెద్దాయనను పనివాళ్ళందరూ బాబా అంటారు. రిటైరయ్యాక ఆయనకు ఫొటోల పిచ్చి పట్టుకుంది. ఎడారిలోకి పోయి నక్షత్రాల ఫొటోలు తీస్తాడు. స్టాండు మోసేది, ఇసుకలో బండి దిగబడకుండా చూసేది, లెన్సు తుడిచేది రామాంజులన్న. ఏడెనిమిదేళ్లు పక్కనే ఉండి ఆయనా నేర్చుకున్నాడు. షట్టరు ఎంతసేపు తెరిచిపెట్టాలో, చుక్కలు గీతలుగా సాగకుండా ఎక్కడ ఆపాలో నా కంటే బాగా తెలుసు. నాకు సమీకరణాలు వచ్చు, ఆయనకు చేయి వచ్చు.

ఆయన కూతురు అనిత. నేను మొదటిసారి విన్నప్పుడు దానికి పన్నెండేళ్లు. ఆ పిల్ల గురించి ఒకరోజు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చెప్పాడు, కళ్ళు ఎర్రలైటు మీదే పెట్టి. ఆయన చేసుకున్నది సొంత అక్క కూతురిని, నాగలక్ష్మిని. మా వైపు అది వింతేమీ కాదు. అక్క అడిగితే తమ్ముడు కాదనడు. ఎనిమిదేళ్ల వయసులో అనిత దీపాలు పెట్టే వేళకు అన్నం కంచం కోసం తడుముకోవడం మొదలుపెట్టింది. బద్ధకమని రెండు దెబ్బలు కూడా వేశారట. తిరుపతి ఆసుపత్రిలో చూసి, కంటి వెనక పొర అంచుల నుంచి చచ్చిపోతూ వస్తోందని, దీనికి మందు లేదని, దగ్గరి సంబంధాల పిల్లల్లో ఎక్కువగా చూస్తున్నామని చెప్పారు. పగటిపూట చూపు ఉంది. అది కూడా ఎన్నేళ్లో చెప్పలేమన్నారు.

"మా అక్క ఆ పొద్దు నుంచి నాతో సరిగ్గా మాట్లాడదు" అన్నాడు. "తను అడిగినందుకు అట్లయిందని దాని బాధ. నేను ఒప్పుకున్నందుకని నా బాధ."

ఆ రాత్రే నేను తన్మయికి పరీక్షలు పెట్టడం మొదలుపెట్టాను. గదిలో లైటు తగ్గించి, నేల మీద బొమ్మలు పరిచి, ఏది ఎక్కడుందో చెప్పమనేదాన్ని. మూడు నెలల తర్వాత ఇక్కడి డాక్టరు ప్రస్తుతానికి ఏ లోపమూ లేదని రాసిచ్చింది. నేను ఆ కాగితంలో "ప్రస్తుతానికి" ఒక్కటే చదివాను.

నవంబరులో రామాంజులన్న నన్ను ఒక ప్రశ్న అడిగాడు. ఉత్తరాన, నార్వే అనే దేశంలో, ఆకాశంలో పచ్చటి వెలుతురు తెరలు తెరలుగా ఊగుతుందట, నిజమేనా అని. అనిత ఎవరి ఫోన్లోనో ఆ వీడియో చూసి, అది ఎక్కడుంటుందని ఫోన్లో ఆయన్ను అడిగిందట. బాబా ప్రతి చలికాలం అక్కడికే పోతాడు. సూర్యుడి మీద తుపాన్లు రేగితేనే ఆ వెలుతురు, ఈసారి సూర్యుడు రెచ్చిపోయి ఉన్నాడు, వెలుతురు ఇంకా జోరుగా ఉంటుందని ఆయన ఆత్రం. మోకాళ్ళు సహకరించడం లేదు కాబట్టి తోడు రమ్మని రామాంజులన్నను అడుగుతున్నాడు.

"నేను పోయేది సరే. ఎట్లనో ఒగట్ల మా బిడ్డను తీసకపోతే, దానికి కనపడ్తాదా టీచరమ్మా?"

ఇది నాకు తెలిసిన విషయం. తెలిసిన విషయం అడిగితే నాకు హుషారు వస్తుంది. చీకట్లో చూసే కణాలు కంటిపొర అంచుల వైపే ఎక్కువగా ఉంటాయని, అనితకు ముందుగా పోయినవి అవేనని చెప్పాను. ఆ వెలుతురు మామూలు కళ్ళకే చాలాసార్లు బూడిదరంగులో పలచగా కనిపిస్తుందని, కెమెరా పది సెకన్లు కన్ను తెరిచిపెట్టుకుని పోగుచేసుకుంటుంది కాబట్టే ఫొటోల్లో అంత పచ్చగా ఉంటుందని చెప్పాను.

"తీసుకెళ్ళినా కనపడదన్నా. ఫొటో అయితే పగటి వెలుతురులో చూస్తుంది కదా, కనపడుతుంది. బాగా పెద్దగా, వెలుగ్గా ఉన్న ఫొటో చూపించు."

ఆ మాట నాదే. ఆ పిల్లకు చూపు ఎంత మేరకు మిగిలిందని నేను అడగలేదు. ఆయన తల ఊపి, ఇండికేటరు వేసి, మా వీధిలోకి తిప్పాడు.

నేను అడగనిది ఇంకొకటి ఉంది. రెండేళ్లకొకసారి వచ్చే రెండు నెలల సెలవు ఆయనకు ఫిబ్రవరి తొమ్మిది నుంచి రాసిపెట్టి ఉంది. బాబా ప్రయాణం ఫిబ్రవరి పదకొండున. ఈయన నార్వే పోతే సెలవు వెనక్కి పోతుంది. మార్చి అంతా రంజాన్. రంజాన్‌లో ఏ ఇంట్లోనూ డ్రైవరును వదలరు. ఇఫ్తార్ విందులు, బజార్లు, చుట్టాల ఇళ్ళు. అంటే పండుగయ్యాక ఏప్రిల్లోనే ఇల్లు. ఆ ఫొటో కోసం ఆయన సెలవునే వెనక్కి జరుపుకున్నాడు. ఇదంతా నాకు తరువాత తెలిసింది.

బాబాకు కూతురి సంగతి చెప్పి ఉంటే ఆయన ఫిబ్రవరిలోనే పంపేసి ఉండేవాడు. రామాంజులన్న చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, డ్రైవర్ల లోకంలో సెలవు కోసం ఇంట్లోవాళ్ళను జబ్బున పడేయడం మామూలు. పక్కింటి డ్రైవరు గులాం నబీకి అమ్మ మూడుసార్లు చనిపోయిందట. మూడోసారి ఆ ఇంటి యజమాని సంతాపం చెప్పి, నాలుగోసారి ఎప్పుడని అడిగాడట. ఆ కథ చెప్పి బండి ఊగేలా నవ్వాడు రామాంజులన్న. తరువాత అన్నాడు:

"నా బిడ్డకు కండ్లు పోతాండాయని నేను చెప్తే, అది గూడా అట్లే ఉంటాది టీచరమ్మా. నిజాన్ని పోయి ఆ సంతలో పెట్టాల్నా?"

జనవరిలో మేమిద్దరం కారులో ఆ ఫొటోల గురించే మాట్లాడుకున్నాం. చలికి బ్యాటరీలు తొందరగా దిగిపోతాయి, ఒంటికి ఆనించి పెట్టుకోమన్నాను. తెరలు వేగంగా కదులుతుంటే షట్టరు సమయం తగ్గించమన్నాను. ఒక అట్టముక్క మీద అంకెలు రాసిచ్చాను. దాన్ని పాస్‌పోర్టులో పెట్టుకున్నాడు. నాకు చాలా సంతోషంగా ఉండింది. ఏదో మంచిపని చేస్తున్నాననుకున్నాను.

నార్వేలో ఏడు రోజులు ఉన్నారు. మొదటి నాలుగు రాత్రులు మబ్బు. బాబా హోటల్ కిటికీ దగ్గర కూర్చుని ఆకాశాన్ని తిట్టుకునేవాడట. ఐదో రాత్రి గడ్డకట్టిన సరస్సు ఒడ్డుకు వెళ్ళారు. రామాంజులన్న జీవితంలో అంత మంచు అదే చూడటం. చొక్కా మీద చొక్కా, దాని మీద బాబా కొనిచ్చిన కోటు, చంకల్లో నాలుగు బ్యాటరీలు.

"ఏమో అనుకుంటి. పైన చూస్తే, చలిమంట మీద నీళ్లు పోసినంక లేచ్చాదే పొగ, ఆ మాదిరి ఉండాది. ఇదేనా అనుకున్న. కెమెరా నొక్కి ఎనక చూస్తే పచ్చగా, మడిలో వరినారు మాదిరి."

తరువాత అది నిజంగానే జోరందుకుంది. కంటికి కూడా పచ్చగా, అంచుల్లో ఎరుపుగా, నెత్తి మీది నుంచి కొండల వరకు ఊగింది. బాబా రెండు చేతులూ పైకెత్తి, చూడు చూడు అని "శూఫ్, రామా, శూఫ్" అంటూనే ఉన్నాడట. రామాంజులన్న చూడలేదు. ఆయన కళ్ళు కెమెరా వెనక ఉన్న చిన్న తెర మీదే ఉన్నాయి. బాబా కెమెరాలో బాబాకు కావలసినవి తీసి, తన పాత కెమెరాలో అనితకు కావలసినవి తీశాడు. మొత్తం ఆకాశం పట్టాలని వెడల్పు లెన్సు వేశాడు. చేతివేళ్ళు తిమ్మిరెక్కి రెండు రోజులు బొటనవేలు మొద్దుబారిందట.

తెల్లవారి ఇంటికి ఫోను చేసి, దొరికిందని అనితకు చెప్పాడు. ఆ పిల్ల సంతోషించింది. ఆ తరువాత, ఎప్పుడొస్తావు నాయనా, అని అడిగింది. పండగయ్యాక, అన్నాడు. సరే అంది.

మార్చి రెండో వారంలో నన్ను దింపుతూ, నాగలక్ష్మి ఫోను చేసిందని చెప్పాడు. అనితకు నడిమి చూపు కూడా మసకగా ఉందట. పుస్తకం ముక్కుకు ఆనించినా అక్షరం తెలియడం లేదట. నేను ఆ రాత్రి చదవగలిగినంతా చదివాను. ఈ జబ్బులో ఒక్కోసారి పొర నడిమి భాగం వాచి, ఉన్న చూపు కూడా కొన్ని వారాల్లోనే తగ్గవచ్చని ఉంది. వెంటనే తిరుపతి తీసుకెళ్ళమన్నాను. తీసుకెళ్ళారు. చుక్కల మందు ఇచ్చారు, మాత్రలు ఇచ్చారు. వాపు తగ్గింది. చూపు తిరిగి రాలేదు.

ఏప్రిల్లో ఆయన ఊరికి వెళ్ళాడు. జూన్‌లో తిరిగి వచ్చాక మొదటి శుక్రవారం నన్ను ఎక్కించుకున్నప్పుడు, ఎలా ఉందని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయనే మొదలుపెట్టాడు. విల్లా గేటు ముందు బండి ఆపి, ఏసీ అలాగే ఉంచి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చెప్పాడు. నేను దిగలేదు. పాఠానికి ఆలస్యమవుతోందని ఇద్దరికీ తెలుసు.

బెంగళూరులో దిగి, రాయచోటి చేరి, ఇంటికి పోకుండా తిన్నగా ఫ్లెక్సీ అంగడికి పోయాడట.

"ఎంత పెద్దది వేయించావన్నా?"

"పది అడుగులు. గోడంత. మీరు పెద్దది చూపియ్యమంటిరి గదా."

ఫ్లెక్సీ అంగడి కుర్రవాడికి ఆకాశం ఒక్కటే వేయడం అలవాటు లేదు. ఫ్లెక్సీ అన్నాక కింద మూలన ఎవరో ఒకరి బొమ్మ ఉండాలి. రామాంజులన్న టీ తాగి వచ్చేసరికి ఆయన వాట్సాప్ బొమ్మను, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నదాన్ని, మూలన గుండ్రంగా కత్తిరించి అతికించేశాడట. తిట్టబోయి, మళ్ళీ తనే పోనీలే అనుకున్నాడట. ఆ చుట్ట భుజాన వేసుకుని ఊరి బస్సెక్కాడు.

మధ్యాహ్నం మూడుకు బస్సు దిగాడు. బస్సు ఆగే మస్తాన్ అంగడి దగ్గరి నుంచి వాళ్ళ ఇంటి వరకు దారి తిన్నగా ఉంటుంది. అరుగు మీద అనిత కూర్చుని ఉంది, మొహం దారి వైపే. చేయి ఊపాడు. అది ఊపలేదు. అక్షరం తెలియడం లేదని విన్నాడు గానీ, మనిషే తెలియడని ఆయన అనుకోలేదు. రెండు నెలలు ఆలస్యంగా వచ్చానని అలిగింది అనుకున్నాడు. నవ్వుకుంటూనే నడిచాడు. అరుగు ముందుకు వచ్చి నిలబడ్డాక ఆ పిల్ల తలెత్తి, "ఎవురు?" అంది.

ఆ మాట చెప్పి రామాంజులన్న ఏసీ తగ్గించి, మిగతాది చెప్పాడు.

ఫ్లెక్సీని గోడకు కట్టారు. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి, ఇది గ్రాఫిక్సా నిజమా అని వాదులాడుకున్నారు. అనిత గోడకు దగ్గరగా పోయి, ముక్కు ఆనించి, ఈ కొస నుంచి ఆ కొస దాకా పక్కకు జరుగుతూ పోయింది. పచ్చగా ఏదో ఉన్నట్టుంది అంది. తరువాత, దీంట్లో నువ్వు ఉండావంట, యాడుండావు, అని అడిగింది. ఆయన దాని వేలు పట్టుకుని మూలన ఉన్న బొమ్మ మీద పెట్టాడు. ఫ్లెక్సీ అంతటా ఒకే నునుపు కదా.

ఆ రాత్రి నాగలక్ష్మి అసలు సంగతి చెప్పింది. ఫిబ్రవరిలో, ఆయన రానని చెప్పాక కూడా, అనిత రోజూ మూడు గంటల బస్సు వేళకు అరుగు మీద కూర్చునేది. ఎందుకే అంటే తల్లికి ఇలా చెప్పిందట.

"దగ్గరికొస్తే నాయన గడ్డం ఒకటే కనపడ్తాది, లేకుంటే చొక్కా గుండీ ఒకటే కనపడ్తాది. మస్తాన్ అంగడి కాడుంటే మనిషి మొత్తం కనపడ్తాడు మా. నాయన ఎట్ల నడుస్తాడో మర్చిపోయినా. ఒక్కతూరి చూస్తే గుర్తు పెట్టుకుంటా."

నేను ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివాను. సన్నని గొట్టంలో నుంచి చూస్తే దగ్గరున్న పెద్ద వస్తువులో ముక్క మాత్రమే కనిపిస్తుందని, దూరంగా ఉన్న మనిషి పూర్తిగా ఇముడుతాడని, ఎనిమిదో తరగతి పిల్లలకు కాగితం చుట్టి చూపించినదాన్ని. ఫిబ్రవరిలో ఆ పిల్లకు మిగిలిన చూపు అలాంటి గొట్టమే. దానికి పెద్ద బొమ్మ చూపించమన్నది నేను. ఆ పిల్ల తనంతట తానే, ఏ పుస్తకమూ చదవకుండా, తనకు చూపు ఎక్కడ సరిపోతుందో కనుక్కుంది. దారిన పోయేవాళ్ళ మీద సరిచూసుకుంది కూడా. అప్పటికి సరిపోయింది. నడిచి రావలసిన మనిషి ఆ వారం మంచులో స్టాండు మోస్తున్నాడు.

నాది తప్పని చెప్పాను. సరిగా అడగకుండా చెప్పానన్నాను.

"మీరు చెప్పింది ఆకాశం గురించే గదమ్మా" అన్నాడు. "అది అడిగింది నన్ను. నాకే తెలీల్యా. ఆ ఆకాశం గురించి అది ఒక్కతూరి అడిగింది, అంతే. ఎప్పుడొస్తావని మాత్రం ఫోను చేసినప్పుడల్లా అడిగింది."

సెలవు రెండు నెలలూ రోజూ మూడింటికి ఆయన మస్తాన్ అంగడి దాకా పోయి, అక్కడి నుంచి నడిచి వచ్చేవాడట. చూస్తుందని కాదు. దానికి వినపడాలని చెప్పులు నేలకేసి కొట్టి నడిచేవాడు. పదిరోజులకు, కుడికాలు ఈడుస్తాండావు నాయనా, నొప్పా, అని అడిగిందట.

తిరిగొచ్చాక బాబాకు అంతా చెప్పేశాడు. పెద్దాయన ఆ నార్వే ఫొటో ఒకటి ఫ్రేము కట్టించి మజ్లిస్‌లో, అతిథులు కూర్చునే గదిలో, పెట్టుకుని ఉన్నాడు. అంతా విని, ఒక్క మాట చెప్పి ఉంటే స్టాండు మోయడానికి నాకు కొడుకులు లేరా రామా, అన్నాడట. మరునాడే ఆ ఫ్రేము గోడ మీది నుంచి దించేశాడు. రామాంజులన్న ఉద్యోగం వదిలి ఊరికి పోతానంటే కాగితాల మీద సంతకం పెట్టి, విమానాశ్రయం వరకూ తనే దింపుతానన్నాడు.

ఇప్పుడు రామాంజులన్న రాయచోటి, సుండుపల్లె మధ్య ఆటో నడుపుతున్నాడు. అనిత ముందు సీట్లో కూర్చుని ఎక్కేవాళ్ళను గొంతుతో గుర్తుపడుతుందట. చూపు ఇంకొంచెం తగ్గింది. వెలుతురు ఎటు నుంచి వస్తుందో మాత్రం చెప్పగలదు.

దోహాలో చివరిసారి నన్ను దింపిన రోజు ఆయన మా ఇంటి కింద బండి ఆపలేదు. వీధి మొదట్లో, బకాలా అనే కిరాణా కొట్టు ముందు ఆపి, ఇక్కడే దిగమన్నాడు. ఇంకా ఎండ ఉంది. మా బాల్కనీలో తన్మయి చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది.

వెస్ట్ బేలో నా ఆఫీసు మూడింటికే అయిపోతుంది. ట్రాఫిక్కు తగ్గాక పోదామని ఆరు దాకా కూర్చునేదాన్ని, చీకటి పడ్డాక ఇల్లు చేరేదాన్ని. ఇప్పుడు మూడింటికే ఆఫీసు నుంచి బయల్దేరతాను. ట్రాఫిక్కులో ఎంతసేపైనా పడి ఉంటాను. మా వీధి మొదట్లోనే దిగిపోతాను. ఫోను సంచిలో వేసి, తల పైకెత్తి, నెమ్మదిగా నడుస్తాను. ఆ రోజు కారు తలుపు పట్టుకుని ఆయన అన్న మాట ఇది:

"ఎండ ఉండంగానే ఇంటికి పో టీచరమ్మా. రొంత దూరంలోనే దిగి నడుచుకుంటా పో. బిడ్డ నిన్ను నిండుగా చూడల్ల."